అద్దంలాంటి గొట్టం

నేను కాలేజీలో మూడేళ్ళు ఎన్‌సీసీ చేశాను. ఈ సంగతి ఆర్కన్సాలో నాతో పది నిమిషాలు కూర్చున్న ప్రతి మనిషికీ తెలుసు. ఫ్యాక్టరీలో నా పక్క డెస్క్ అతనికి తెలుసు, మా వీధిలో ఉత్తరాలు పంచే ఆయనకి తెలుసు, మేం ఆదివారాలు వెళ్ళే తెల్లవాళ్ళ చర్చి పాస్టరుగారికి కూడా తెలుసు. నేను "మా గుంటూరులో పరేడ్ అంటే..." అని మొదలుపెట్టగానే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. ఖాకీ బట్టలకి గంజి ఎంత పెట్టాలో, బూట్లు ఎలా తళతళలాడించాలో, త్రీనాట్‌త్రీ రైఫిల్ భుజాన వేసుకుని ఎండలో ఎన్ని గంటలు నిలబడ్డామో, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేవాణ్ణి. వినేవాళ్ళు అమెరికన్లైతే ఇంకాస్త కలిపి చెప్పేవాణ్ణి. నిజమో అబద్ధమో తేల్చుకునే దారి వాళ్ళకి లేదు కదా.

ఈ కోతలే ఒక మనిషి కళ్ళు తీసేసేవి. తియ్యలేదు, దేవుడి దయ. ఇన్నేళ్ళయినా తలుచుకుంటే ముందు ఒళ్ళు జలదరిస్తుంది, వెనకే హమ్మయ్య అనిపిస్తుంది.

ఎనభైల రెండో సగం అది. బెంటన్‌విల్‌కి కొంచెం దూరంలో, కోళ్ళఫారాలకి సామాను తయారుచేసే ఫ్యాక్టరీలో నేను ఇంజనీర్ని. అప్పట్లో ఆ చుట్టుపక్కల తెలుగు మాట వినబడడమే అపురూపం. ఎవరైనా కొత్తగా వచ్చారేమో తెలుసుకోవాలంటే టెలిఫోన్ డైరెక్టరీ ఒళ్ళో పెట్టుకుని, మన ఇంటిపేర్లలా కనబడిన వాటికల్లా ఫోన్ చెయ్యడమే. అలా దొరికాడు డాక్టరు. వరంగల్ మనిషి, నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, ఊళ్ళో ఆస్పత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు, ఇంకా పెళ్ళి కాలేదు. మొదటిసారి ఫోన్‌లో నా తెలుగు వినగానే, "అన్నా, నువ్వెవరో నాకు తెల్వదు గాని, ఇయ్యాల మీ ఇంట్ల అన్నం తింట" అన్నాడు. వచ్చి తిన్నాడు. అప్పట్నుంచి వారానికి రెండుసార్లు తింటూనే ఉన్నాడు. ఇంట్లో అందరం వాణ్ణి డాక్టరూ అనే పిలిచేవాళ్ళం. వాడు నన్ను అన్నా అనేవాడు, మా ఆవిడని వదినా అనేవాడు. నాకు తమ్ముళ్ళు లేరు. ఎవరైనా అన్నా అంటే నేను ఉబ్బిపోతాను.

ఆ ఏడు ఆస్పత్రిలో సర్జన్లు వాణ్ణి జింకల వేటకి రమ్మన్నారు. నవంబరు వచ్చిందంటే అక్కడ మగవాళ్ళు సగం మంది అడవిలోనే ఉంటారు. ఎవరి రైఫిల్ వాళ్ళే తెచ్చుకోవాలి అన్నారట. వీడు మహా సంబరపడిపోయి ఆ సాయంత్రమే మా ఇంట్లో వాలాడు.

"అన్నా, తుపాకుల సంగతి నాకు ఓనమాలు తెల్వవు. పాత మిలిటరీ రైఫిళ్ళు మస్తుగ వస్తున్నయంట, గట్టిగుంటయంట. నువ్వు ఎన్‌సీసీల చేసినవు గద. నువ్వు చూసి మంచిదంటే కొంట."

"శనివారం పొద్దున్నే కార్ తీసుకుని వచ్చెయ్" అన్నాను.

వంటింట్లోంచి మా ఆవిడ తొంగిచూసింది. "ఏవండీ, మీరు తుపాకి ఎప్పుడైనా కొన్నారా?"

"కొనడం వేరు, తెలియడం వేరు" అన్నాను. ఇలాంటి జవాబులు నాకు తడుముకోకుండా వస్తాయి.

ఊరికి ఇరవై మైళ్ళ అవతల కౌంటీ ఫెయిర్ జరిగే మైదానం ఉంది. అక్కడ ఆవుల పోటీలు పెట్టే రేకుల షెడ్డులో గన్ షో. వరసగా బల్లలు, వాటి మీద తుపాకులు, కత్తులు, పాత మిలిటరీ కోట్లు, మధ్యలో ఒకావిడ ఎండబెట్టిన మాంసం అమ్ముతోంది. నేల మీద ఇంకా ఎండుగడ్డి పరకలు ఉన్నాయి. ఆ షెడ్డు మొత్తానికి మన రంగువాళ్ళం మేమిద్దరమే. అందుకని నేను ఛాతీ ఇంకాస్త విరుచుకుని నడిచాను. డాక్టరు నా వెనకాలే నడిచాడు.

చివరి వరసలో ఓ ముసలాయన బల్ల దగ్గర నా కాళ్ళు ఆగిపోయాయి. మా త్రీనాట్‌త్రీ! అదే మొద్దు మూతి, మడమకి అదే ఇత్తడి పలక, అదే నల్లబడిన చెక్క. ఇండియాలో తయారైనట్టు ముద్ర కూడా ఉంది. ఒకటి కాదు, నాలుగు. గుంటూరులో వదిలేసి వచ్చిన చుట్టాలు పరాయి దేశపు సంతలో ఎదురుపడినట్టయింది. కళ్ళు చెమర్చాయి, నిజం చెబుతున్నాను. "ఇదే డాక్టరూ, ఇదే, ఇదే" అని వాడి చెయ్యి పట్టుకుని ఊపేశాను.

ముసలాయన నాలుగింటికీ వెనక గొట్టాన్ని మూసే బోల్టులు ఊడదీసి పక్కన పెట్టి, చూసుకోండి అన్నాడు. పాత తుపాకిలో ముందు చూడాల్సింది గొట్టం లోపలి భాగం. చెక్క పగిలితే మార్చుకోవచ్చు, గొట్టం పాడైతే మిగతాది ఎంత బాగున్నా దండగే. ఈ ముక్క ఫ్యాక్టరీలో ఎవరో అనగా విని, దారిలో డాక్టరుకి నా సొంత జ్ఞానంలా చెప్పి ఉంచాను.

ఎన్‌సీసీ పరేడ్‌లో ఆయుధాల తనిఖీ ఒక పద్ధతి ప్రకారం జరుగుతుంది. క్యాడెట్ రైఫిల్‌ని ఏటవాలుగా పట్టుకుని, బోల్టు వెనక్కి లాగి, తూటా కూర్చునే చోట తన బొటనవేలు పెడతాడు. గోరు మీద పడిన వెలుతురు గొట్టంలోకి పాకుతుంది. అధికారి మూతి వైపున ఒక కన్ను ఆనించి లోపలంతా చూస్తాడు. టార్చిలైటు అక్కర్లేదు, గోరే దీపం. నేను డాక్టరు చేత బొటనవేలు పెట్టించి, "గోరు కిటికీ వైపు తిప్పు, ఇంకొంచెం, ఆఁ, కదలకు" అని ఆర్డర్లు వేస్తూ మూతి వైపు వెళ్ళి నిలబడ్డాను. పక్క బల్లల వాళ్ళు తిరిగి చూశారు. ముసలాయనకి కూడా ముచ్చటేసింది. తాను తెల్ల కాయితం ముక్క పెట్టి చూస్తాననీ, గోరు సంగతి ఎప్పుడూ వినలేదనీ అన్నాడు. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు.

మొదటిదాని లోపల పొయ్యిగొట్టమంత నలుపు, గోడల నిండా తుప్పు తినేసిన గుంటలు. వద్దన్నాను. అది సరిగ్గానే చెప్పాను. రెండోదానిలో మధ్యన ఒకచోట నీడ ఉంగరంలా చుట్టుకుని ఉంది. ఏమిటా అని నేను ఆలోచిస్తుంటే ముసలాయనే చెప్పాడు. గొట్టంలో ఏదో ఇరుక్కుని ఉండగా ఎవరో కాల్చారు, అక్కడ ఇనుము ఉబ్బింది, కొనకండి అని. అలా నిజాయితీగా చెప్పే మనిషి. మూడోదాని నిండా మైనంలాంటి గోధుమరంగు గ్రీజు. ఆయన పొడుగాటి కడ్డీకి గుడ్డపీలిక చుట్టి రెండుసార్లు తోశాక కొంచెం వెలుతురు దారి దొరికింది. లోపల మురికి మురికిగా మెలికలు తిరిగిన గీతలు. "ఛీ, గీతలు పడిపోయింది" అన్నాను.

నాలుగోదాంట్లో కన్ను పెట్టాను. ఏం చెప్పమంటారు! ఒక మచ్చ లేదు, ఒక గుంట లేదు, ఒక్క గీత లేదు. అద్దం. ఆ చివర డాక్టరు గోరు గులాబీరంగులో నిగనిగలాడుతోంది.

"డాక్టరూ, నీ అదృష్టం పండింది. అద్దంరా ఇది, అద్దం."

వాడు తుపాకిని అటూ ఇటూ తిప్పాడు. తూటాల పెట్టె ఉండాల్సిన చోట ఒక చెక్కదిమ్మ బిగించి ఉంది. "ఇదేందన్నా? మిగిలినవాటికి లేదు గద."

"తేమ రాకుండా పెడతారు" అన్నాను. ఎక్కడ్నుంచి వచ్చిందో ఆ మాట నాకు ఇప్పటికీ తెలియదు.

ముసలాయన టోపీ తీసి తల గోక్కున్నాడు. నాలుగూ ఒకే పెట్టెలో వచ్చాయనీ, ఆ దిమ్మ ఎందుకో తనకి అంతుపట్టలేదనీ, తానైతే మూడోదాన్నే తీసుకుంటాననీ అన్నాడు. ఏది తీసుకున్నా సరే, కాల్చే ముందు తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్‌కి చూపించమని రెండుసార్లు చెప్పాడు. డాక్టరు నా మొహంలోకి చూశాడు. "నేను చూశాక మళ్ళీ గన్‌స్మిత్ ఎందుకురా" అన్నాను తెలుగులో. అంతే. వాడు ఫారం నింపి నాలుగోది కొనేశాడు. ఇంటికొచ్చే దారంతా ఈలవేస్తూ డ్రైవ్ చేశాడు.

మరుసటి వారం మా మామగారు ఇండియా నుంచి వచ్చారు. ఆయన గుంటూరు జిల్లాలో ఆర్మ్‌డ్ రిజర్వ్ పోలీసులో హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. పొడగరి, మాట తక్కువ. పొద్దున లేచి బైబిలు చదువుకుని, పెరట్లో ఉడతల్ని చూస్తూ కూర్చునేవారు. నిజంగా యూనిఫారం వేసుకుని ఉద్యోగం చేసిన మనిషి ముందు ఎన్‌సీసీ ఊసెత్తాలంటే నాకే జంకు. వారం రోజులు నోరు కట్టేసుకున్నాను. ఎంతకాలమని?

శనివారం పొద్దున్న ఉప్మా తింటున్నాం. డాక్టరు ముందురోజే ఫోన్ చేసి, త్రీనాట్‌త్రీ తూటాల పెట్టె దొరికిందనీ, కొండల్లో ఉన్న షూటింగ్ రేంజ్‌కి పొద్దున్నే వెళ్తున్నాననీ, మధ్యాహ్నం భోజనానికి వచ్చి ఎలా కాలిందో చెబుతాననీ అన్నాడు. అది గుర్తొచ్చి నాకు ఆగలేదు.

"మన ఇండియా రైఫిలే మామయ్యగారూ. నేనే ఏరి ఇప్పించాను. గొట్టం మీరు చూడాల్సింది, అద్దమే అనుకోండి."

"అద్దమంటే?" అన్నారాయన.

"నున్నగా ఉందండి. ఒక్క గీత లేదు."

ఆయన చెంచా కింద పెట్టేశారు. "మర లేదా బాబూ?"

"మర అంటే..."

"లోపల మెలితిరిగి గాళ్ళుంటాయి కదా, గుండుని గిర్రున తిప్పి పంపేవి. అవి లేవా?"

"లేవండి" అన్నాను.

"తూటాల పెట్టె చోట చెక్కదిమ్మ ఉందా?"

"ఉందండి."

"అయితే అది రైఫిల్ కాదు బాబూ. మా మస్కట్. ఇరవై ఏళ్ళు మోశాను దాన్ని."

ఆయన అంత పొడుగ్గా మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. బయటికి అచ్చం రైఫిలేనట. తెల్లదొరల కాలంలో, పోలీసు తుపాకి ఎవరి చేతిలో పడినా మిలిటరీ తూటాలతో పని జరగకూడదని, గొట్టం లోపల మర అంతా తొలిచేసి వెడల్పు చేశారట. దాని తూటా వేరే, ఒక్కోసారికి ఒక్కటే పట్టేలా ఆ చెక్కదిమ్మ బిగించారట. మిలిటరీ తూటా సన్నం.

"ఆ సన్నం తూటా ఇందులో పట్టదుగా మామయ్యగారూ?" అన్నాను ఆశగా.

"పట్టకపోతే గొడవే లేదు. పడుతుంది. వదులుగా పడుతుంది. పేలిస్తే ఇత్తడి చీలిపోయి మంటా ముక్కలూ వెనక్కి కొడతాయి. గురి చూసేటప్పుడు చెంప ఇక్కడ ఆనుతుంది, కన్ను సరిగ్గా దాని వెనకే ఉంటుంది." ఆయన తన చెంప మీద చెయ్యి ఆనించి చూపించారు. "మా వాడొకడు తెలియక పెట్టాడు. ఆ తరవాత వాడు డ్యూటీ చెయ్యలేదు."

నా పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఉప్మా పళ్ళెం ముందు కూర్చుని. మూడేళ్ళు బొటనవేలు పెట్టి గోరు చూపించింది నేను. గొట్టంలోకి చూసింది మా ఆఫీసరు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా నేను మూతి వైపు నిలబడలేదు. రైఫిళ్ళు తుడిచి భద్రపరచడానికి వేరే మనుషులుండేవాళ్ళు. నేను కాల్చింది ఒకే ఒక్క క్యాంపులో ఐదు గుళ్ళు, అవీ చిన్న రైఫిల్‌తో. మర అనేది ఒకటుంటుందని పుస్తకంలో బట్టీపట్టి పరీక్ష రాశాను, మార్కులు కూడా వేశారు. దాన్ని కంటితో చూడడం ఆ రేకుల షెడ్డులోనే మొదలు. చూసి, మురికి గీతలని ఛీకొట్టాను. అసలు మంచి గొట్టం ఆ మూడోదే.

డాక్టరు ఇంటికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆస్పత్రికి చేస్తే ఇవాళ సెలవు అన్నారు. రేంజ్‌కి ఫోన్ ఉందో లేదో కూడా నాకు తెలియదు. కారు తాళాలు చేతిలో పెట్టుకుని ఇల్లంతా వెతికాను. మా ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి, "ఎన్‌సీసీ! ఎన్‌సీసీ! ఇంకా చెప్పండి ఊరంతా!" అని అరిచి, అంతలోనే ఏడుపు గొంతుతో, "మీరు పదండి, నేను వాళ్ళింటికి ఫోన్ చేస్తూనే ఉంటా, ప్రార్థన చేస్తూ ఉంటా" అంది. మామగారు పంచె మీదే స్వెటర్ తగిలించుకుని అప్పటికే కార్లో కూర్చున్నారు.

రేంజ్ ముప్పావుగంట దూరం. ఒక్కటే లైను రోడ్డు, అన్నీ వంపులు. మా ముందు కోళ్ళ లారీ ఒకటి తగులుకుంది. పంజరాల్లోంచి తెల్లటి ఈకలు ఎగిరొచ్చి అద్దం మీద పడుతున్నాయి, అది దారివ్వదు, నేను దాటలేను. ఆ కోళ్ళ పంజరాలకి నట్లూ బోల్టులూ గీసి పెట్టేది నేనే. ఆ రోజు ఆ పరిశ్రమ మొత్తాన్ని శపించాను. మధ్యమధ్యలో, "ప్రభువా, వాడు లేటుగా లేచినట్టు చెయ్యి, వాడి కారు స్టార్ట్ కాకుండా చెయ్యి, వర్షం కురిపించు" అని పైకే ప్రార్థిస్తున్నాను. ఆకాశం నీలంగా, ఒక్క మబ్బు లేకుండా ఉంది.

"ఆ అబ్బాయి ఆపరేషన్లప్పుడు మత్తు ఇస్తాడన్నావు కదూ" అన్నారు మామగారు.

"అవునండి."

"దానికి కళ్ళు బాగుండాలి."

"మామయ్యగారూ, మీకు దణ్ణం పెడతాను, కాసేపు ఊరుకోండి!" అని కసిరాను. ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు, అదే ఆఖరు. ఆయన ఏమీ అనుకోలేదు. చెయ్యి చాచి నా భుజం తట్టి, "రోడ్డు చూసి నడుపు" అన్నారు.

లారీ ఎక్కడో పక్కకి తిరిగింది. తరవాత ఎంత స్పీడ్‌లో వెళ్ళానో నేను చెప్పను. కంకర రోడ్డు ఎక్కేసరికి దూరంగా చప్పుళ్ళు మొదలయ్యాయి. ఢాం. ఢాం. వాటిలో వాడిది ఏదో నాకెలా తెలుస్తుంది? మామగారు కిటికీ అద్దం దించి, చెవి బయటికి పెట్టి విన్నారు. "ఇది మస్కట్ కాదు" అన్నారు. మళ్ళీ ఢాం. "ఇదీ కాదు." మళ్ళీ ఇంకోటి. "ఊహూఁ, ఇది కూడా కాదు." ఆయన అలా అంటున్నంతసేపూ నేను ఊపిరి పీల్చుకోగలిగాను.

కార్ ఆపేసరికి చప్పుళ్ళన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. పూర్తిగా నిశ్శబ్దం. ఎవరికో ఏదో జరిగితే తప్ప అందరూ ఒకేసారి ఆపరు కదా అనుకున్నాను. కార్ తలుపు కూడా వెయ్యకుండా పరుగెత్తాను. నలభై ఏళ్ళవాణ్ణి, పొట్ట ఒకటి, ఇంట్లో వేసుకునే చెప్పులు. బెంచీల వెనక నిలబడ్డ మనుషులు నన్ను వింతగా చూశారు. అసలు సంగతి, గంటకోసారి అందరూ కాల్చడం ఆపి, నడిచివెళ్ళి తమ తమ గురి అట్టలు మార్చుకొస్తారట. అదీ నిశ్శబ్దం.

డాక్టరు ఆఖరి బెంచీ దగ్గర కూర్చుని ఉన్నాడు. చెవులకి చప్పుడు ఆపే పెద్ద ఎర్ర డిప్పలు తగిలించుకుని, తుపాకి బల్ల మీద పెట్టి, చేతిలో ఒక తూటా పట్టుకుని దానివైపు చూస్తూ ఉన్నాడు. నేను వెళ్ళి వాడి మొహం రెండు చేతులతో పట్టుకుని నా వైపు తిప్పుకున్నాను. కుడి కన్ను. ఎడమ కన్ను. చెంపలు. అన్నీ ఉన్నాయి. మళ్ళీ కుడి కన్ను చూశాను.

"ఏమైందన్నా? వదినకేమన్న ఐందా?" అని వాడు చెవి డిప్పలు లాగేశాడు.

"కాల్చావా? ఒకటైనా కాల్చావా?"

"లేదు, ఇంకా కాల్చలె."

నేను అక్కడే కంకరలో చతికిలబడ్డాను. లేవబుద్ధి కాలేదు. ప్రాణం లేచొచ్చింది అంటారే, అది మాట వరసకి అంటారనుకునేవాణ్ణి. కాదు, నిజంగానే కాళ్ళలోంచి పైకి లేచొస్తుంది. నవ్వొచ్చింది, దగ్గొచ్చింది, కళ్ళ వెంట నీళ్ళు కారాయి. మామగారు నెమ్మదిగా నడిచొచ్చారు. పంచె, స్వెటర్, బూట్లు. తుపాకి ఎత్తి ఒక్క చూపు చూసి, "మస్కటే" అన్నారు. తరవాత డాక్టరుకి అంతా ఆయనే చెప్పారు. మర సంగతి, తూటా సంగతి, చీలిపోయే ఇత్తడి సంగతి. డాక్టరు వింటూ చేతిలో తూటాని మెల్లగా పెట్టెలో పెట్టి మూత వేశాడు.

నాకు ఊపిరి కుదుటపడ్డాక ఒక అనుమానం వచ్చింది. "పొద్దున్నే వచ్చావు కదా. గంటన్నర నుంచి ఏం చేస్తున్నావు?"

వాడు నేలవైపు చూశాడు. "పక్క బెంచీ పెద్దమనిషి ఒకటి చెప్పిండన్నా. తూటా మొన గొట్టం మూతిల పెట్టి చూడాల్నంట. కొంచెం పోయి ఆగితే గొట్టం మంచిగున్నట్టు. మొత్తం లోపలికి పోతే కాల్చొద్దంట. పెట్టి చూసిన. మొత్తం పోయింది. గలగల అన్నది."

"మరి ఆయన ఏమన్నాడు?"

"ఒద్దు, గన్‌స్మిత్‌కి చూపియ్ అన్నడు. అట్ట మార్చనీకి పోయిండు."

"అయితే ఇందాక తూటా చేతిలో ఎందుకుందిరా?"

వాడు తూటాల పెట్టె మూతని వేళ్ళతో సర్దాడు. మామగారు కూడా వాడివైపే చూస్తున్నారు. వాడు చివరికి అన్నాడు, "నువ్వు చూసి మంచిగుంది అన్నవు గదన్నా. కాల్చకుంట ఇంటికొస్తే నీ మాట నమ్మనట్టు ఐతది. మధ్యాహ్నం అన్నం కాడ కూసొని ఎట్ల కాలింది డాక్టరూ అని అడుగుతవు. ఏమని చెప్పాలె? నీకు చిన్నతనమైతది. అందరు మళ్ళ కాల్చుడు మొదలువెడితే నేను గూడ ఒక్కటి కాల్చేద్దామని కూసున్న."

వాడికి తెలుసు. తెలిసి కూడా, నా మొహం చిన్నబోకూడదని, ఆ చెక్క మీద చెంప ఆనించడానికి సిద్ధపడి కూర్చున్నాడు. ఆ కోళ్ళ లారీ ఇంకో ఐదు నిమిషాలు దారివ్వకపోతే! అట్టలు మార్చేవాళ్ళు అప్పుడే తిరిగి వస్తున్నారు, వాళ్ళ మాటలు దగ్గరవుతున్నాయి.

"డాక్టరూ, నేనేమీ చూడలేదురా" అన్నాను. "నాకు తుపాకుల గురించి తెలియదు. ఎన్‌సీసీలో నేను గోరు పెట్టాను, అంతే. గొట్టంలోకి చూసేది మా సారు. ఆ రోజు షెడ్డులో చూడడమే నా జీవితంలో మొదటిసారి. ఆ చెక్కదిమ్మ ఎందుకో కూడా అప్పుడు నాకు తెలియదు. నోటికొచ్చింది చెప్పాను."

మామగారి ముందే చెప్పాను. చెప్పేశాక ఒంటి మీద నుంచి బస్తా దించినట్టయింది.

మెల్లమెల్లగా వాడి మొహం ఎర్రబడింది. రెండేళ్ళుగా మా ఇంట్లో తింటున్నవాడు, ఒక్కనాడు నాకు ఎదురు చెప్పనివాడు, లేచి నిలబడ్డాడు.

"సిగ్గు లేదా అన్నా నీకు? ముందుగాల్నే చెప్పొద్దా? తెల్వదని ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? నేను నీ మీద నమ్మకంతోని కాల్చేటోణ్ణి! సచ్చేటోణ్ణి! ఏం మనిషివే నువ్వు?"

బెంచీల దగ్గరకొచ్చిన అమెరికన్లు నిలబడిపోయి మమ్మల్నే చూస్తున్నారు. మామగారు మర్యాదగా పక్కకి తిరిగారు. డాక్టరు ఆగలేదు. తెలంగాణా యాసలో తిట్టాడు, ఇంగ్లీషులో తిట్టాడు, మళ్ళీ యాసలోకి వచ్చాడు. నేను కంకరలో కూర్చుని తల ఎత్తి వాడి మొహంలోకే చూస్తున్నాను. నిప్పులు కక్కుతూ రెండు కళ్ళూ నా మీదే ఉన్నాయి, రెండూ. ఇంకా తిట్టరా నాయనా అనుకున్నాను, సాయంత్రం దాకా తిట్టు.